మెహదీపట్నం నుంచి చిలుకూరు నడిచి వెళ్లొచ్చా?

ప్రశ్న: నమస్తే అండి. మా చెల్లి, నేను పొద్దున్నే బయల్దేరి మెహదీపట్నం నుంచి చిలుకూరు బాలాజీ దాకా నడుద్దాం అనుకుంటున్నాం, మొక్కేం లేదు, ఊరు ఎక్కడిదాకా పెరిగిందో చూడాలని అంతే. ఇంట్లో వాళ్లేమో బస్సుంది కదా ఎందుకీ తిప్పలు అంటున్నారు. మాకు 45 దాటాయి, అవుతుందా?
- ఒక పాఠకురాలు, హైదరాబాద్

జవాబు: అవుతుందమ్మా, తప్పకుండా వెళ్లండి. ఇరవై కిలోమీటర్ల పైమాటే, గంటకి నాలుగు నడిచినా మధ్యలో కూర్చుని తిని లేచేసరికి మధ్యాహ్నం దాటిపోద్ది, అందుకే డిసెంబర్, జనవరిలో పెట్టుకుని తెల్లారకముందే బయల్దేరండి. ఎండాకాలం అయితే వద్దే వద్దు.

లంగర్‌హౌజ్‌లో బాపూఘాట్ దగ్గర కాసేపు ఆగండి, మూసీ ఈసీ కలిసేది అక్కడే, 1948లో గాంధీగారి అస్థికలు కలిపింది కూడా అక్కడే. ఇప్పుడు ఆ నీళ్ల వాసనకి ముక్కు మూసుకోవాలి, నాకు చాలా బాధేస్తుంది. 1908లో ఇదే మూసీ పొంగి వేలమందిని పొట్టన పెట్టుకుంటే, మళ్లీ అట్లా జరక్కూడదని పైన మూసీ మీద ఉస్మాన్‌సాగర్ 1920లో, ఈసీ మీద హిమాయత్‌సాగర్ 1927లో కట్టారు, తర్వాత ఊరంతా ఆ నీళ్లే తాగింది. మీరు వెళ్లే రోడ్డు ఆ రెండు చెరువుల మధ్యలోంచే పోతుంది, బస్సులో అయితే ఇది తెలియనే తెలియదు. చెరువుల చుట్టూ 10 కిలోమీటర్ల దాకా పెద్ద కట్టడాలు రాకుండా 1996లో 111 జీవో తెచ్చారు, ఇన్నాళ్లూ అది ఉండబట్టే అటువైపు ఇంకా పొలాలు, తోటలు కనపడుతున్నాయని నా నమ్మకం.

అసలు కష్టం పోలీస్ అకాడమీ, ఔటర్ రింగ్ రోడ్డు దగ్గర. బండ్లు ఆగవు, నడిచేవాళ్లకి దారి సరిగ్గా ఉండదు. ఎదురొచ్చే బండ్లు కనపడేలా కుడిపక్క నడవండి, లేత రంగు బట్టలు వేసుకోండి, చెవుల్లో పాటలు పెట్టుకోకండి. అక్కణ్ణుంచి మన్నెగూడ దాకా 46 కిలోమీటర్ల రోడ్డు పొడుగునా 900కి పైగా మర్రిచెట్లు లెక్కపెట్టారు, వెడల్పు కోసం కొట్టేస్తామంటే జనం పర్యావరణం కేసులు చూసే గ్రీన్ ట్రిబ్యునల్ దాకా వెళ్లి కొట్లాడారు. నీడ విలువ నడిచేవాళ్లకే తెలుస్తుంది కదా!

కొత్త బూట్లు మాత్రం వద్దు, అలవాటైన పాతవే వేసుకోండి, మడమలకి కొబ్బరినూనె రాసి మందం సాక్సు తొడగండి, ఇంకో జత బ్యాగులో పెట్టుకోండి. ఎక్కడైనా మంట మొదలైతే పొక్కు వచ్చేదాకా చూడకుండా వెంటనే ఆగి టేపు వెయ్యండి. దాహం అయ్యేదాకా ఆగకుండా నీళ్లు తాగుతూ ఉండండి, ఓఆర్‌ఎస్ ప్యాకెట్లు దగ్గర పెట్టుకోండి. షుగర్, బీపీ, మోకాళ్ల నొప్పి ఏదైనా ఉంటే ముందు డాక్టర్‌ని అడగండి.

శుక్ర, శని, ఆదివారాలు గుడి దగ్గర జనం ఎక్కువ, మామూలు రోజే మేలు. అన్ని కిలోమీటర్లు నడిచాక, అక్కడ మొక్కుకునేవాళ్లు చేసే 11 ప్రదక్షిణలు ఓపిక ఉంటేనే చెయ్యండి. వచ్చేటప్పుడు బస్సెక్కి వచ్చేయండి.