బూర్గుల రామకృష్ణారావు తన పదవి పోతుందని తెలిసీ ఆంధ్రతో విలీనానికి ఎందుకు ఒప్పుకున్నారు?

ఆయన మనసు మార్చుకున్నారని ఒక్క మాటలో తేల్చేస్తే ఆయనకు అన్యాయం చేసినట్టే. 1952లో ఆయన హైదరాబాద్ రాష్ట్రానికి ఎన్నికైన తొలి ముఖ్యమంత్రి. తెలుగు, మరాఠీ, కన్నడ జిల్లాలన్నీ ఒకే అసెంబ్లీలో ఉండేవి. పదవిలోకి వచ్చి ఆరు నెలలైనా కాకముందే ముల్కీ (స్థానికుల) ఆందోళన రాజుకుంది. బయటివాళ్లకు ఉద్యోగాలు ఇస్తున్నారని విద్యార్థులు 'నాన్ ముల్కీ గో బ్యాక్' అంటూ రోడ్డెక్కారు. సెప్టెంబర్ మొదటివారంలో సిటీ కాలేజీ దగ్గర పోలీసు కాల్పుల్లో ప్రాణాలు పోయాయి. దానిపై జస్టిస్ పింగళి జగన్మోహన్ రెడ్డి విచారణ జరిపారు. ఆ మచ్చ బూర్గుల ప్రభుత్వానికి ఉండిపోయింది, ఉండాల్సిందే కూడా.

1955లో రాష్ట్రాల పునర్వ్యవస్థీకరణ కోసం వేసిన ఫజల్ అలీ కమిషన్ తెలంగాణను విడిగా ఉంచాలని, 1961 ఎన్నికల తర్వాత అసెంబ్లీలో మూడింట రెండొంతుల మంది ఒప్పుకుంటేనే కలపాలని చెప్పింది. అసలు టెన్షన్ అక్కడే మొదలైంది. సొంత పార్టీలోనే కె.వి. రంగారెడ్డి, చెన్నారెడ్డి విలీనం వద్దన్నారు. కమ్యూనిస్టులు విశాలాంధ్ర, అంటే తెలుగువాళ్లందరికీ ఒకే రాష్ట్రం కావాలన్నారు. ఢిల్లీ ఒత్తిడి సరేసరి. బూర్గుల చివరికి విలీనం వైపు మొగ్గారు.

1956 ఫిబ్రవరి 20న ఆంధ్ర, తెలంగాణ నాయకుల మధ్య కుదిరిన పెద్దమనుషుల ఒప్పందం మీద ఆయనా సంతకం పెట్టారు. ఉద్యోగాలు, మిగులు నిధులు, ప్రాంతీయ మండలి గురించి హామీలు రాయించుకున్నాకే తెలంగాణ నాయకులు ఒప్పుకున్నారు. నా దృష్టిలో అది లొంగుబాటు కాదు, ఉన్నంతలో దక్కించుకున్న రక్షణ. ఆ హామీలు అమలు కాకపోవడం తర్వాతి పాలకుల తప్పు.

నవంబర్ 1న ఏర్పడిన ఆంధ్రప్రదేశ్‌కు సంజీవరెడ్డి ముఖ్యమంత్రి అయ్యారు, అదే నెలలో బూర్గుల కేరళ గవర్నరుగా వెళ్లారు.