ఇల్లు అమ్మేముందు ఈపీసీ: డి ని సి చేయడానికి ఎంత ఖర్చు పెట్టాలి?

ఇంగ్లండ్‌లోని రెడింగ్‌లో 1930ల నాటి సెమీ (పక్కింటితో ఒక గోడ కలిసిన ఇల్లు) అమ్మకానికి పెడుతున్నామని, పాత ఈపీసీలో (ఇల్లు ఎనర్జీని ఎంత పొదుపుగా వాడుతుందో ఎ నుంచి జి దాకా గ్రేడు ఇచ్చే సర్టిఫికెట్) డి ఉందని, సి చేయిస్తే మంచిదని ఏజెంట్ అంటున్నాడని రాశారు. అందుకు సోలార్ ప్యానెళ్లు పెట్టించాలా అని కదా మీ ప్రశ్న. సోలార్ వద్దండీ. ముందు ఇంట్లో పాత ఫైళ్లు వెతకండి. ఈ సంగతి నేను రెండుసార్లు ఫీజు కట్టి నేర్చుకున్నాను.

2023లో స్లౌలో మా ఇల్లు అమ్మాం. అదీ మీలాంటి సెమీనే. ఈపీసీ పదేళ్లే చెల్లుతుంది, మాది గడువు దాటింది కాబట్టి కొత్తది తప్పలేదు. అసెసర్ (ఇల్లు చూసి గ్రేడు లెక్కకట్టే మనిషి) వచ్చి ముప్పావు గంట ఉన్నాడు. కిటికీ అద్దాల మధ్య ఉండే వెండిరంగు పట్టీ మీద టార్చి వేసి, అక్కడ అచ్చేసిన సంవత్సరం చదివాడు. బల్బులు లెక్కపెట్టాడు. లాఫ్ట్ (పైకప్పు కింది అటక) ఎక్కితే అక్కడ మా ఇండియా సూట్‌కేసులు, పాప ఉయ్యాల, ఎందుకు తెచ్చామో గుర్తులేని రెండు ఇత్తడి బిందెలు. అవన్నీ జరిపి, ఒక చెక్క లేపి, వేడి బయటికి పోకుండా పరిచే ఇన్సులేషన్‌లోకి టేపు గుచ్చి చూశాడు. 100 మిల్లీమీటర్లే ఉంది. ఇప్పుడు ఉండాలనేది 270.

అసలు దెబ్బ గోడల దగ్గర తగిలింది. కావిటీని (గోడ రెండు పొరల మధ్య ఖాళీని) ఇన్సులేషన్‌తో నింపించిన మాట నిజమే. కానీ తర్వాత బయట రెండర్ (గోడ మీద పూత) చేయించడంతో, నింపడానికి డ్రిల్ చేసిన గుర్తులన్నీ దాని కింద పోయాయి. "కాగితం ఉందా?" అన్నాడు. ఎక్కడో ఉందన్నాను. ఎక్కడో ఉన్న కాగితం లెక్కలోకి రాదు. కంటికి కనబడనిదానికి, కాగితం లేనిదానికి ఇల్లు కట్టిన కాలాన్ని బట్టి ఊహించి రాసేస్తారు. సర్టిఫికెట్‌లో 'నో ఇన్సులేషన్, అజ్యూమ్డ్' అని వచ్చింది. స్కోరు 63, డి.

మూడు వారాల తర్వాత సామాన్లు సర్దుతుంటే, పాప టీకాల రెడ్ బుక్ ఉన్న కవర్లోనే కావిటీ నింపినందుకు సీగా సంస్థ ఇచ్చిన 25 ఏళ్ల గ్యారంటీ మా ఆవిడకి దొరికింది! అప్పటికే ఆ డి రిపోర్టు ప్రభుత్వ రిజిస్టర్‌లోకి ఎక్కేసింది. తప్పు నాదే కాబట్టి అసెసర్‌ని ఏమీ అనలేదు. ఈలోగా లాఫ్ట్‌లో చెక్కలు తీసేసి 270 వరకు నేనే రోల్స్ పరిచాను (రెండు రోజులు ఒళ్లంతా దురద, పొడుగు చేతుల చొక్కా, మాస్కు మర్చిపోకండి). వంటింట్లో తొమ్మిది హాలోజన్ స్పాట్‌లైట్లు మార్చి ఎల్ఈడీలు పెట్టాను. ఆ గ్యారంటీ చూపించి మళ్లీ ఈపీసీ చేయిస్తే 71 వచ్చింది, అంటే సి. రెండు ఫీజులతో కలిపి 400 పౌండ్ల లోపే అయింది.

అందుకే మీ పాత సర్టిఫికెట్‌లో అక్షరం కాదు, అంకె చూడండి. డి అంటే 55 నుంచి 68 దాకా, సి 69 నుంచి మొదలు. 66, 67 ఉంటే లాఫ్ట్, బల్బులతోనే దాటొచ్చు. 56 ఉంటే టెన్షన్ పడకుండా డి తోనే అమ్మేయండి. అమ్మడానికి కనీస గ్రేడ్ అంటూ ఏదీ లేదు, జి ఉన్న ఇల్లు కూడా అమ్మొచ్చు. సర్టిఫికెట్‌లో కింద రాసే సలహాలు కూడా సలహాలే, చేసి తీరాలని లేదు. ఈపీసీకి ఆర్డర్ కూడా ఇవ్వకుండా ప్రకటన ఇస్తే 200 పౌండ్ల జరిమానా పడొచ్చు.

ఇంకో మాట. "మేం హీటింగ్ వేయనే వేయం, బిల్లు చాలా తక్కువ" అని అసెసర్‌కి చెప్పి లాభం లేదు. అది ఇంటికిచ్చే మార్కు, మనకి కాదు. మా అత్తగారు వచ్చినప్పుడు మా ఇంట్లో 24 డిగ్రీలకి తగ్గేది కాదు, అయినా స్కోరులో తేడా ఉండదు. ఫ్రిజ్‌కి ఎన్ని స్టార్లున్నా అంతే.

మా ఇంటికి ఆఫర్ ఇచ్చినవాళ్లలో ఈపీసీ గురించి అడిగింది ఒక్కరే, ఆయన అద్దెకివ్వడానికి కొనే మనిషి. అద్దె ఇళ్లకి కనీసం ఇ ఉండాలి, దాన్ని సి కి పెంచాలని ప్రభుత్వం చూస్తోంది, అందుకని ఆయన ఆరా. మిగతావాళ్లంతా స్కూలు ఎంత దూరమనే అడిగారు. మీ వీధిలో అద్దెకి కొనేవాళ్లు ఎక్కువైతే ఏజెంట్ మాటలో కొంత న్యాయం ఉన్నట్టే.

ఇవాళే ప్రభుత్వ రిజిస్టర్‌లో మీ పోస్ట్‌కోడ్ కొట్టి చూడండి, ఉచితమే. గోడల వరసలో 'అజ్యూమ్డ్' అని ఉంటే ఇక్కడ రాయండి, ఏ కాగితం వెతకాలో చెప్తాను.