ప్రైమరీ అభ్యర్థి మాటలో నిజమెంతో ఎలా తెలుస్తుంది? అయోవా అనుభవం

"ప్రైమరీలో, అంటే పార్టీ తన అభ్యర్థిని ఎంచుకునే పోటీలో, ఒకే పార్టీ నుంచి ఇరవై మందికి పైగా తలపడుతూ, అందరూ దాదాపు ఒకే మాట చెబుతున్నప్పుడు, వారిలో మనస్ఫూర్తిగా మాట్లాడేది ఎవరో ఎలా పసిగట్టాలి?" అని అడిగారు. నేను చాలా ఏళ్లుగా అమెరికాలోని అయోవా రాష్ట్ర రాజధాని డెమోయిన్ శివార్లలో ఉంటున్నాను, పౌరసత్వం వచ్చిన తర్వాత 2020 ఫిబ్రవరి 3న డెమోక్రాట్ల కాకస్‌లో, అంటే అధ్యక్ష పదవికి పార్టీ అభ్యర్థి ఎవరో ఓటర్లు ఒకచోట చేరి తేల్చుకునే సమావేశంలో, మొదటిసారి పాల్గొన్నాను. అప్పటికి ఏడాది ముందు నుంచీ అభ్యర్థులు మా ఊరి గ్రంథాలయాల్లోను, బడుల్లోను, పెరళ్లలోను తిరుగుతూనే ఉన్నారు కాబట్టి వారిని దగ్గరగా చూశాను. నా జవాబు ఒక్కటే: అభ్యర్థి ఏ ఊళ్లో నిలబడి మాట్లాడుతున్నాడో, ఆ ఊళ్లో తనకు ఓట్లు తగ్గించే మాట ఒక్కటైనా అన్నాడా అని చూడండి. మిగిలిన కొలతలన్నీ, కన్నీళ్లతో సహా, దండగ.

మన దేశంలో బీ-ఫారం ఎవరికి దక్కాలో అధిష్ఠానం తేలుస్తుంది కాబట్టి ఈ బాధ మనకు అలవాటు లేదు. అందుకే ఇక్కడి తెలుగువాళ్లు అభ్యర్థిని అంచనా వేసే తీరు చూస్తే నాకు చిరాకు వేస్తుంది. శాలువా కప్పించుకుని, బొట్టు పెట్టించుకుని, రెండు చేతులు జోడించి "నమస్కారం" అన్నారంటే చాలు, ఆ ఫోటో వాట్సాప్ గుంపులన్నీ తిరిగి వచ్చేసరికి ఆయన మనవాడైపోతాడు. ఆ పోటీలో దిగిన కమలా హారిస్ విషయంలోనూ, తల్లిది తమిళనాడు అన్న ఒక్క కారణంతో, మాలో చాలామంది ఆమె విధానాలను చూడనే లేదు. 2019 జూన్ చర్చలో ప్రైవేటు ఆరోగ్య బీమాను రద్దు చేస్తారా అని అడిగితే ఆమె చెయ్యి ఎత్తారు, మర్నాడు ప్రశ్నను వేరుగా అర్థం చేసుకున్నానన్నారు. డెమోయిన్ బీమా కంపెనీల ఊరు, మా వీధిలో సగం ఇళ్లు ఆ జీతాలతోనే నడుస్తాయి. అదే పోటీలో ఉన్న సెనేటర్ బెర్నీ శాండర్స్ మాత్రం ఆ ప్రైవేటు బీమా పోవాలన్న మాటనే ఇక్కడికి వచ్చి కూడా చెప్పారు. ఆయన విధానం నాకు నచ్చదు, కానీ ఆ మాట నమ్ముతూనే అన్నారని ఒప్పుకుంటాను.

ఇది ఒక పార్టీకి పరిమితమైన సంగతి కాదు. మొక్కజొన్న నుంచి తీసే ఇంధనం ఇథనాల్ ఉత్పత్తిలో అమెరికాలో అయోవాదే మొదటి స్థానం, ఇక్కడ మొక్కజొన్న రైతు ఎదుట ఇథనాల్‌ను తప్పుపట్టడమంటే కోనసీమలో కొబ్బరిని తిట్టడమే. అయినా 2015 మార్చిలో డెమోయిన్‌లో జరిగిన వ్యవసాయ సదస్సు వేదిక మీదనే రిపబ్లికన్ నాయకుడు టెడ్ క్రూజ్, ఇంధనంలో ఇథనాల్ కలపాలన్న నిబంధనను ఎత్తివేయాలన్నారు. సొంత పార్టీకే చెందిన అయోవా గవర్నరే ఆయన ఓడిపోవాలని బహిరంగంగా కోరుకున్నా, 2016లో రిపబ్లికన్ల కాకస్‌ను గెలిచింది ఆయనే. ఆయన చెప్పే మిగతా విషయాల్లో నాకు ఒక్కటీ గిట్టదన్నది వేరే సంగతి.

ఇక నా సొంత అనుభవానికి వస్తాను. 2019 సెప్టెంబరులో మా పొరుగున ఉండే విశ్రాంత ఉపాధ్యాయురాలు తన పెరట్లో ఒక అభ్యర్థికి సమావేశం ఏర్పాటు చేశారు. మడత కుర్చీలు ముప్పై, ఆపిల్ రసం, గుమ్మడికాయ రొట్టె. ఏటా ఇచ్చే ఉద్యోగ గ్రీన్‌కార్డుల్లో ఒక్కో దేశానికి 7 శాతమే అన్న పరిమితి వల్ల మా బావమరిది గ్రీన్‌కార్డు ఏళ్ల తరబడి క్యూలోనే ఉందని, ఆ పరిమితిని తొలగించే బిల్లు జులైలో ప్రతినిధుల సభలో 365–65 ఓట్లతో నెగ్గి సెనేట్‌లో ఆగిపోయిందని, దీనిపై మీరేమంటారని అడిగాను. ఆ అభ్యర్థి గుండె మీద చెయ్యి వేసుకుని, ఒక్క క్షణం నేల చూపులు చూసి, వలస వచ్చిన తన తాతగారి కథ చెప్పి, నా చెయ్యి పట్టుకున్నారు. నాకు కళ్లు చెమర్చాయి. ఇంటికి వచ్చి బావమరిదికి ఫోన్ చేసి మరీ చెప్పాను.

మూడు వారాల తర్వాత పక్క ఊరి గ్రంథాలయంలో అదే అభ్యర్థిని ఒక రైతు విత్తనాల ధర గురించి అడిగాడు. అదే చెయ్యి, అదే గుండె, నేల మీదికి అదే చూపు, మళ్లీ అదే తాతగారు; కాకపోతే ఈసారి తాతగారు పొలం దున్నారు. బిల్లు మాట మాత్రం రెండు చోట్లా రాలేదు.

నవంబరులో ఇంకొక అభ్యర్థిని నేను అదే ప్రశ్న అడిగాను. "భారతీయులకు వాటా పెరిగితే మిగతా దేశాలవారు ఎక్కువ కాలం ఆగాలి, మొత్తం సంఖ్య పెంచకుండా ఆ పని చేస్తానని మీకు మాట ఇవ్వలేను" అన్నారు. ఎదురుగా కూర్చున్న పదిమంది తెలుగువాళ్ల ముఖాలు మాడిపోయాయి, నాదీ మాడింది. కారు తాళం తీస్తున్నప్పుడు గాని నాకు తట్టలేదు, ఆ ఏడాది మొత్తం మీద నాకు సూటిగా సమాధానం చెప్పిన మనిషి ఈయన ఒక్కరేనని.

కాకస్ రాత్రి బడి భోజనశాలలో ఒక్కో అభ్యర్థి మద్దతుదారులు ఒక్కో మూల గుంపుగా చేరారు, నేను ఆయన మూలకే వెళ్లి నిలబడ్డాను. మొత్తం 140 మంది వచ్చారు, అప్పటి నిబంధన ప్రకారం 15 శాతం అంటే 21 మంది ఉంటేనే గుంపు నిలిచేది, మేము తొమ్మిదిమందిమి. లెక్క చాలని గుంపువాళ్లు ఇంకొక మూలకు మారడానికో, ఇంటికి పోవడానికో వీలుండేది. గుండె మీద చెయ్యి వేసుకునే అభ్యర్థి గుంపులో నా భార్య మొదటి నుంచీ నిలబడి ఉంది. నా కొలత గురించి ఆమెకు కారులోనే ఉపన్యాసం ఇచ్చాను. "సూటిగా కాదన్నవాడికంటే, మర్యాదకైనా చెయ్యి పట్టుకున్నవాడు నయం" అని ఆమె తేల్చేసింది. అక్కడి నుంచే నన్ను చూసి తన పక్కనున్న ఖాళీ కుర్చీని కాలితో ముందుకు జరిపింది. మారిన ఎంపిక రాయడానికి ఉన్న కార్డు రెండో వైపున ఆమె అభ్యర్థి పేరు రాసి సంతకం పెట్టాను.