రీడింగ్ జారుతోందా? ముందు రెండో తీగ సంగతి చూడు

చి. అమ్మలుకి మావయ్య ఆశీస్సులు.

రాత్రి ఫోన్లో నువ్వు చెప్పినవన్నీ రాసుకుని పొద్దున్నే మళ్ళీ చూశాను. నువ్వు చేసిన పీహెచ్ సెన్సర్ (నీళ్ళలో ఆమ్లగుణం ఎంతో చెప్పేది), ఉద్దానం నుంచి తెచ్చిన బోరునీళ్ళు, ఒకటే బీకరు, మధ్యాహ్నం పీహెచ్ 6.8, సాయంత్రానికి 7.4. చిప్పు పాడైందని కొత్తది ఆర్డరు పెట్టబోతున్నావు. పెట్టకు. నీళ్ళలో ముంచిన రెండో తీగ ఏమిటని అడిగితే "స్టీలు తీగే మావయ్యా" అన్నావు చూడు, నా అనుమానమంతా దాని మీదే.

నీ చిప్పులో ఉన్నది ఫెట్, అంటే వోల్టేజితో కరెంటుని అదుపు చేసే ట్రాన్సిస్టర్. మామూలు ఫెట్‌లో సోర్స్ అనే కొస నుంచి డ్రెయిన్ అనే కొసకి కరెంటు పారే దారి సిలికాన్‌లో ఉంటుంది. దాని మీద పల్చటి ఆక్సైడ్ పొర, ఆ పొర మీద గేట్ అనే లోహం. చెరువు మదుం తలుపులాంటిదే గానీ, ఈ తలుపు పారేదాన్ని ముట్టుకోదు. పైనుంచి వోల్టేజితోనే దారిని తెరుస్తుంది, మూస్తుంది. 1970లో నెదర్లాండ్స్‌లో పీట్ బెర్గ్‌వెల్డ్ అనే ఆయన ఆ లోహాన్ని తీసేసి, ఆక్సైడ్ పొరకి ద్రవమే తగిలేలా చేశాడు. ద్రవంలో హైడ్రోజన్ అయాన్లు పెరిగితే (అంటే పీహెచ్ తగ్గితే) పొరకి అతుక్కుంటాయి, తగ్గితే వదిలేస్తాయి. దాన్నిబట్టి పొర దగ్గర వోల్టేజి మారి, కింద పారే కరెంటు మారుతుంది. నీ సెన్సర్ దానికి చుట్టమే. చిప్పు బయట పొడిగా ఉంది, గేట్ పిన్ను నుంచి తీగ లాగి టిన్ ఆక్సైడ్ పూత ఉన్న గాజుముక్కని నీళ్ళలో ముంచావు. నీలాంటి కొత్తవాళ్ళకి ఆ పద్ధతే మేలు.

అయితే వోల్టేజి ఎప్పుడూ రెండు చోట్ల మధ్య తేడానే. వంతెన స్తంభం మీద గీతలు చూసి నాగావళి ఎంత పొంగిందో చెబుతాం. ఆ స్తంభమే జానెడు కుంగితే? వరద వచ్చిందని ఊళ్ళు ఖాళీ చేయించాల్సిందే. నీ స్టీలు తీగ అలా కుంగే స్తంభం. నీళ్ళలో ఆక్సిజన్ ఎంతుంది, తీగ మీద ఏ పొర పట్టింది, బీకరు కదిలిందా అన్నవాటితో దాని వోల్టేజి మారిపోతుంది. 25 డిగ్రీల దగ్గర ఒక పీహెచ్ తేడాకి వచ్చేది మహా అయితే 59 మిల్లీవోల్టులు. నీకు జారింది 0.6, అంటే 35 మిల్లీవోల్టులు. స్టీలు తీగకి అదొక లెక్కా? సిగ్గుపడకు, బెర్గ్‌వెల్డ్ కూడా మొదట్లో రిఫరెన్స్ ఎలక్ట్రోడ్, అంటే వోల్టేజి కదలని రెండో తీగ, లేకుండానే నడిపాడు. దాని మీద తర్వాత పెద్ద వాదనలే జరిగాయి.

ఇంకో సంగతి. అబద్ధం చెప్పింది తీగ కాక నీళ్ళే మారి ఉండొచ్చు కూడా. బోరునీళ్ళలో కరిగి ఉన్న కార్బన్ డయాక్సైడ్ మూత లేని బీకర్లోంచి మెల్లగా పోతుంది, పీహెచ్ పెరుగుతుంది. కాబట్టి పీహెచ్ 7 బఫర్‌ని, అంటే పీహెచ్ 7 దగ్గరే నిలిచే ద్రావణాన్ని, మూతపెట్టి, అదే సెటప్‌తో మధ్యాహ్నం, సాయంత్రం చూడు. బఫర్ రీడింగు కూడా జారితే తప్పు నీ సెటప్‌ది. నిలబడితే నీళ్ళది. ఈ ఒక్క పరీక్ష చెయ్యకుండా ఏమీ కొనకు.

రిఫరెన్స్ ఎలక్ట్రోడ్ ఇంట్లోనే చేసుకోవచ్చు. కంసాలి దగ్గర మేలిమి వెండి తీగ అడుగు. పట్టీల వెండిలో రాగి కలుస్తుంది, అది పనికిరాదు. తీగని గరుకు కాగితంతో రుద్ది, బ్లీచింగ్ ద్రావణంలో అరగంట ఉంచితే నల్లగా పొర కడుతుంది. అదే సిల్వర్ క్లోరైడ్. దాన్ని సన్నని గొట్టంలో పొటాషియం క్లోరైడ్ ద్రావణంలో ముంచాలి, 100 మిల్లీలీటర్లకి 22 గ్రాములు. గొట్టం అడుగున అదే ద్రావణంలో కాచిన చైనా గ్రాస్ జెల్లీ బిరడా పెట్టు. అవును, కిరాణా కొట్లో దొరికేదే.

గొట్టం ఎందుకు, తీగని నేరుగా బోరునీళ్ళలో పెడితే పోలా అంటావు. పోదు. ఆ తీగ వోల్టేజి చుట్టూ ఉన్న క్లోరైడ్‌ని బట్టి ఉంటుంది. సముద్రం దగ్గర బావిలో ఉప్పు పది రెట్లు ఉంటే 59 మిల్లీవోల్టులు తేడా, అంటే ఒక పీహెచ్ తప్పు. గొట్టంలో క్లోరైడ్ మారదు, అందుకే తీగ కదలకుండా ఉంటుంది.

గాజుముక్కకి తీగ అతికిన చోట అరల్డైట్ పూశావా? ఆ రాగికి నీళ్ళు తగిలితే దాని వోల్టేజి కూడా వచ్చి కలుస్తుంది. గేట్ తీగ పొట్టిగా ఉంచు. వానాకాలం చెమ్మలో బోర్డు మీద వేలి మరకలున్నా కరెంటు కారిపోతుంది. పీహెచ్ 4, 7, 10 బఫర్ల రీడింగులతో గ్రాఫు గీసి, మూడు పాయింట్లూ ఒక గీతలో పడ్డాకే నీళ్ళు కొలువు.

నేను లాబులో చేరిన కొత్తలో సంక్రాంతి సెలవులకి వెళ్తూ గాజు పీహెచ్ ఎలక్ట్రోడ్‌ని శుభ్రంగా ఉండాలని డిస్టిల్డ్ వాటర్లో పెట్టి వెళ్ళాను. తిరిగొచ్చేసరికి రీడింగు స్థిరపడటానికి పావుగంట పట్టింది. లోపలి ఉప్పు బయటికి వచ్చేసింది మరి. నువ్వు మాత్రం ఎలక్ట్రోడ్‌ని ఎప్పుడూ పొటాషియం క్లోరైడ్‌లోనే ఉంచు.

రిపోర్టులో ఉద్దానం కిడ్నీ జబ్బు గురించి మాత్రం ఆచితూచి రాయి. ఎన్నేళ్ళుగానో ఎంతోమంది నీళ్ళు, మట్టి పరీక్షించినా కారణం ఇదీ అని తేలలేదు. నీది పీహెచ్ సెన్సర్. అది పీహెచ్ చెబుతుంది, అంతే.

సిరిమానుకి విజయనగరం వస్తాను కదా, వెండి తీగ నేనే తెస్తాను. ఈలోపు బఫర్ పరీక్ష చేసి, రెండు రీడింగులూ ఫోన్లో చెప్పు. మీ అత్త పట్టీల జోలికి మాత్రం వెళ్ళకు.

మీ మావయ్య