గ్రామసభలో సైడు కాలువ అడిగాం, పంచాయతీ ఆర్చి కడుతోంది!

ప్రశ్న: మాది కృష్ణా జిల్లాలో ఒక పల్లెటూరు. మొన్నటి గ్రామసభలో ముందు సైడు కాలువలు, తర్వాత వీధి దీపాలు, ఆ తర్వాత శ్మశానం దారి అని అందరం ఒకే మాటగా చెప్పాం. రెండు నెలలు తిరక్కుండానే ఊరి మొదట్లో ఆర్చి పని మొదలైంది. అడిగితే ‘‘గ్రామసభ తీర్మానం ఉంది, సంతకాలు మీవే’’ అంటున్నారు. మా వీధిలో మురుగు ఇళ్ల ముందే నిలుస్తోంది, పిల్లలకు జ్వరాలు తగ్గడం లేదు. మేం చెప్పిన వరుస పాటించాల్సిన పని లేదా? ఇంటి పన్ను ఆపేస్తే దారికొస్తారా?
– ఒక పాఠకుడు

జవాబు: చివరి ప్రశ్నకే ముందు చెబుతాను. పన్ను మాత్రం ఆపకండి. పన్ను వేరు, ఫీజు వేరు. ఫలానా సేవ చేశారు కాబట్టి కట్టేది ఫీజు. ఇంటి పన్నుకు ఆ లంకె లేదు. ‘‘కాలువ కట్టలేదు కాబట్టి కట్టను’’ అనే వాదన కోర్టులో నిలబడదు. బకాయి వసూలుకు పంచాయతీ జప్తు దాకా వెళ్లగలదు. రేపు మీలో ఎవరైనా వార్డు మెంబరుగా నిలబడాలనుకుంటే ఆ బకాయే అడ్డు రావచ్చు. పన్ను కట్టి రసీదు చేతిలో పట్టుకుని అడిగేవాడి మాటకు ఉండే బలం వేరు.

ఇక మీ వరుస సంగతి. ఆంధ్రప్రదేశ్ పంచాయతీరాజ్ చట్టం, 1994లోని 6వ సెక్షన్ ప్రకారం ఏడాది పనులు, జమాఖర్చులు, ఆడిట్ నివేదిక గ్రామసభ ముందుకు రావాలి. సభ చేసిన సూచనలను పంచాయతీ పరిశీలించాలి. ఇక్కడ ‘పరిశీలించాలి’ అన్న మాటే కీలకం. అది కోర్టు డిక్రీలాంటిది కాదు. మీరు ఒకటి, రెండు, మూడు అని చెప్పినంత మాత్రాన అదే వరుసలో పనులు చేసి తీరాలని లేదు. ఏజెన్సీ గ్రామాలకు ఇంతకంటే బలం ఉంది. గిరిజన ప్రాంతాల పంచాయతీల కోసం చేసిన 1996 నాటి పెసా చట్టం ప్రకారం అక్కడ గ్రామసభ ఆమోదించాకే పథకం అమలుకు వెళ్లాలి. మీ ఊరికి అది వర్తించదు.

అలాగని నిరాశ పడకండి. మీ చేతిలో ఇంతకంటే మంచి ఆయుధం ఉంది, మీరే దాన్ని గమనించలేదు. అదే చట్టంలో 45వ సెక్షన్ పంచాయతీ చేసి తీరాల్సిన పనులు చెబుతుంది, 46వ సెక్షన్ చేయాలనుకుంటే చేయగలిగిన పనులు చెబుతుంది. మురుగు కాలువలు, వీధి దీపాలు, శ్మశానం మొదటి దాంట్లోనే ఉన్నాయి. ఆర్చి ఎంత వెతికినా అందులో కనబడదు. కాబట్టి ఇకపై అర్జీలో ‘‘మా కోరిక’’, ‘‘మా ప్రాధాన్యం’’ అని రాయకండి. ‘‘45వ సెక్షన్ కింద మీ విధి’’ అని రాయండి. కోరిక పక్కన పెట్టేయొచ్చు, విధిని పక్కన పెడితే జవాబు చెప్పాలి.

‘‘నిధులు లేవు’’ అంటారు, తప్పకుండా అంటారు. మధ్యప్రదేశ్‌లోని రత్లాం మున్సిపాలిటీ కూడా ఇదే చెప్పింది. అక్కడ ఒక వార్డు జనం మురుగు కంపు భరించలేక మెజిస్ట్రేట్ దగ్గరకు వెళ్లారు. కేసు సుప్రీంకోర్టు దాకా పోయింది. డబ్బు లేదన్న సాకుతో పారిశుద్ధ్య బాధ్యత నుంచి తప్పించుకోవడం కుదరదని 1980లో జస్టిస్ కృష్ణయ్యర్ ధర్మాసనం తేల్చింది. ఆ జనం వాడింది పాత సీఆర్‌పీసీ (క్రిమినల్ ప్రొసీజర్ కోడ్) 133వ సెక్షన్, జనానికి ఇబ్బంది కలిగించేదాన్ని తొలగించమని మెజిస్ట్రేట్ ఆదేశించే సెక్షన్ అది. 2024 జులై 1 నుంచి దాని స్థానంలో బీఎన్‌ఎస్‌ఎస్ (భారతీయ నాగరిక్ సురక్షా సంహిత) 152వ సెక్షన్ ఉంది. మీరు సబ్ డివిజనల్ మెజిస్ట్రేట్‌కు దీని కింద దరఖాస్తు ఇవ్వొచ్చు. నిలిచిన మురుగు ఫొటోలు, పిల్లల వైద్యం చీటీలు జత చేయండి.

నిధుల మీద ఇంకో మాట. 2021–26కి 15వ ఆర్థిక సంఘం పంచాయతీలకు ఇచ్చిన గ్రాంటులో 60 శాతం చేతులు కట్టేసిన డబ్బు, అంటే చెప్పిన పనికే వాడాలి: తాగునీటికి 30, పారిశుద్ధ్యానికి 30. దాంట్లోంచి ఆర్చి కట్టడానికి వీల్లేదు. మరి దేంట్లోంచి కడుతున్నారు? ఈ-గ్రామస్వరాజ్ పోర్టల్‌లో మీ ఊరి పేరు కొట్టి ప్రణాళిక, ఖర్చు చూడండి. ఒక్కోసారి ఆర్చి దాత సొమ్ముతో కడతారు, తండ్రి పేరునో తాత పేరునో. అదే అయితే ‘పంచాయతీ డబ్బు వృథా’ అన్న మీ వాదన అక్కడే కూలిపోతుంది. అందుకే ఆవేశపడే ముందు కాగితం చూడమంటాను.

అన్నిటికంటే నాకు అనుమానం మీ సంతకాల మీదే. సభ మొదట్లోనే హాజరు కోసమని పుస్తకం తిప్పి, తీర్మానం సాయంత్రం తీరిగ్గా రాసుకోవడం చాలా ఊళ్లలో మామూలే. కార్యదర్శికి సమాచార హక్కు దరఖాస్తు పెట్టండి. మన రాష్ట్రంలో గ్రామస్థాయిలో దానికి ఫీజు లేదు. ఆ రోజు తీర్మానం నకలు, ఆర్చి అంచనా, వర్క్ ఆర్డర్, నిధుల పద్దు అడగండి. 30 రోజుల్లో ఇవ్వాలి. తీర్మానంలో మీరు చెప్పని మాట ఉంటే, సభకు వచ్చిన పది పదిహేను మంది సంతకాలతో జిల్లా పంచాయతీ అధికారికి ఫిర్యాదు చేయండి. సోమవారం కలెక్టరేట్‌లో గ్రీవెన్స్‌కి కూడా ఇవ్వండి, రసీదు మర్చిపోవద్దు.

ఇవేవీ పనిచేయకపోతే వెంటనే హైకోర్టు రిట్ అని పరుగెత్తకండి, ఖర్చూ టెన్షనూ రెండూ ఎక్కువే. ప్రజోపయోగ సేవల కోసం శాశ్వత లోక్ అదాలత్ ఉంది. పారిశుద్ధ్యం, నీరు, వెలుతురు దాని పరిధిలోవే. కోర్టు ఫీజు లేదు. రాజీ కుదరకపోతే అదే తీర్పు కూడా ఇవ్వగలదు. అయితే ఈ గొడవ మీద అప్పటికే వేరే కోర్టుకు వెళ్లి ఉండకూడదు.

వచ్చే గ్రామసభకు వెళ్లేటప్పుడు మీ మూడు పనులూ వీధుల పేర్లతో సహా కాగితం మీద రాసి తీసుకెళ్లండి. అధ్యక్షత వహించేది సర్పంచ్ అయినా ప్రత్యేకాధికారి అయినా, దాన్ని తీర్మానంగా రాయించి, చదివించుకుని, ఆఖరి వాక్యం కిందే సంతకం పెట్టండి. ఆ పేజీని అక్కడే ఫోన్‌లో ఫొటో తీసుకోండి.