పటంలో ఆవ అంచు ఎక్కడ?

ప్రశ్న: మా దగ్గరి మంచినీటి చిత్తడి సరస్సు కొండకర్ల ఆవ ఫోనులోని పటంలో చిన్న నీలిమచ్చలా ఉంది. సర్వే ఆఫ్ ఇండియా వారి టోపోషీటులో (నేల తీరును వివరంగా చూపే పటంలో) అంతకంటే బాగా పెద్దదిగా ఉంది. సంక్రాంతి సెలవుల్లో వెళ్లి చూస్తే ఈ రెండింటితోనూ పొంతన కుదరలేదు. దేనిని నమ్మాలి?
– ఒక పాఠకుడు, విశాఖపట్నం

జవాబు: ముందుగా మీ టోపోషీటు అంచున సర్వే చేసిన సంవత్సరం అచ్చయి ఉంటుంది, చూడండి. అందులోని నీలిగీత ఆనాటి నీటి అంచే తప్ప శాశ్వతమైన హద్దు కాదు. ఏడాది పొడవునా నీరుండే చెరువులకు నీలిరంగు నింపి, ఎండిపోయేవాటిని రంగు లేకుండా వదిలేయడం ఆ పటాల పద్ధతి. ఆవ వంటి చోట ఈ రెండింటికీ మధ్య గీత గీయడం సర్వేయరుకు కూడా కష్టమే. నేల వాలు వెయ్యి మీటర్లకు ఒక మీటరు మాత్రమే ఉన్న చోట నీరు 30 సెంటీమీటర్లు పెరిగితే, అంచు 300 మీటర్లు పొలాల వైపు జరుగుతుంది. 1:50,000 స్కేలు పటంలో అది 6 మిల్లీమీటర్లు. పైగా ఆ స్కేలులో సమోన్నత రేఖల (ఒకే ఎత్తున్న చోట్లను కలిపే గీతల) మధ్య అంతరం సాధారణంగా 20 మీటర్లు కనుక, ఇంత చిన్న ఎత్తుపల్లాలు వాటికి అందనే అందవు.

ఫోను పటం సంగతి వేరు. ఉపగ్రహ చిత్రాల్లో నీరు కంటికి కనబడని సమీప పరారుణ కిరణాలను పీల్చుకుని నల్లగా కనబడుతుంది, ఆకులు వాటిని తిప్పికొట్టి మెరుస్తాయి. అందువల్ల తామరాకులూ తుంగా కమ్ముకున్న మేర, కింద నిండా నీరున్నా, పటం నేలగానే లెక్కగట్టే ప్రమాదం ఉంది. తాటిదోనె నడిపేవారికైతే గెడ దింపగానే ఆ లోతు తెలిసిపోతుంది.

నా మట్టుకు నేను ఇస్రో వారి అహ్మదాబాదు స్పేస్ అప్లికేషన్స్ సెంటర్ రూపొందించిన జాతీయ చిత్తడి నేలల అట్లాసునే ముందు తెరుస్తాను. అది వర్షాకాలానికి ముందు, తర్వాత ఉన్న విస్తీర్ణాలను విడివిడిగా చూపుతుంది. తేటనీటినీ, నీటిమొక్కలు కప్పిన భాగాన్నీ కూడా వేరుచేస్తుంది. 2.25 హెక్టార్ల కంటే చిన్నవి అందులో చుక్కలుగానే ఉంటాయి గాని, ఆవకు ఆ బెడద లేదు.

ఇంకొక చిన్న చిక్కు ఉంది. ఈ ఆవ దాదాపు 83 డిగ్రీల తూర్పు రేఖాంశం దగ్గరే ఉంది, టోపోషీట్లు విడిపోయేదీ ఆ రేఖాంశం మీదే. కనుక మీ చేతిలో ఒకే షీటు ఉంటే, దాని పక్క షీటును కూడా తెచ్చి అంచులు కలిపి చూడండి.