కంట్రోల్ బీకర్లో మూడు డాఫ్నియాలు: మేనకోడలికి ఉత్తరం

చిట్టితల్లీ,

నిన్న రాత్రి ఫోన్‌లో నీ గొంతు విన్నాక నాకు సరిగా నిద్ర పట్టలేదు. ల్యాబ్‌లో చేరి నెల కూడా కాలేదు, అప్పుడే నీ మొదటి పరీక్ష, అదే, రసాయనం కలిపిన నీళ్ళలో డాఫ్నియా అనే చిన్న నీటి ప్రాణులు 48 గంటల్లో ఈదడం ఆపేస్తాయా అని చూసేది, పోయిందని, మందు, అంటే ఆ రసాయనం, కలపని కంట్రోల్ బీకర్లలోనే మూడు డాఫ్నియాలు ఈదకుండా అడుగున పడి ఉన్నాయని, సోమవారం మళ్ళీ పెట్టమన్నారని చెప్పావు. ఫోన్‌లో చెబితే సగం గుర్తుండదు. ఏళ్ళ తరబడి ఈ బీకర్ల ముందే కూర్చున్నదాన్ని కాబట్టి, నాకు తెలిసింది నిదానంగా రాస్తున్నాను.

ముందు ఒక్క విషయం. మూడు కనిపిస్తే మూడు అనే రాశావు. అది చాలా పెద్ద పని. కంట్రోల్‌లో ఇరవై ఉంటే పది శాతం, అంటే రెండింటి వరకే ఒప్పుకుంటారు. మూడోది పడితే ఆ పరీక్ష చెల్లదు. నేను చేరిన రెండో ఏడాది నాకూ ఇలాగే మూడు పడ్డాయి. పక్కనే ఉన్న పెద్దాయన ఒకరు, "ఒకటి డ్రాపర్ తగిలి చచ్చి ఉంటుందమ్మా, రెండని రాసెయ్" అన్నారు. నా చేతిలో పెన్ను కాసేపు ఆగింది, అబద్ధం చెప్పను. చివరికి మూడనే రాశాను. వారం రోజులు ఆలస్యమైంది, మాటలు పడ్డాను. అవి ఎందుకు పడిపోయాయో మాకు ఎప్పటికీ తెలియలేదు. కానీ ఆ కాగితం మీద ఉన్న ప్రతి అంకెకూ నేను ఈరోజు కూడా జవాబు చెప్పగలను.

ఇక నీ పరీక్ష సంగతి. నువ్వు ఆ 48 గంటల్లో ఏం తప్పు చేశావా అని వెతుక్కుంటున్నావు. అక్కడ కాదు, అంతకు ముందు మూడు వారాల్లో వెతుకు. మందు లేని నీళ్ళలో పడిపోయిన డాఫ్నియా పిల్లలు చాలాసార్లు బలహీనంగానే పుట్టి ఉంటాయి. తల్లులు బాగుంటే పిల్లలు ఆ రెండు రోజులు తిండి లేకుండా కూడా హాయిగా తట్టుకుంటాయి. అందుకే కదా పరీక్షలో మేత వెయ్యకూడదని ధైర్యంగా రాసి పెట్టారు.

రేపు పొద్దున వెళ్ళగానే డాఫ్నియాల్ని పెంచే కల్చర్ జాడీల ముందు స్టూల్ వేసుకుని పది నిమిషాలు ఊరికే చూడు. డాఫ్నియాలు మామూలుగా మగవాటి అవసరం లేకుండా ఆడపిల్లల్నే కంటాయి. మగవి కనిపిస్తున్నా, తల్లి వీపు మీద గుర్రం జీనులా నల్లటి గుడ్ల పెట్టె కనిపిస్తున్నా, ఆ జాడీ ఇబ్బందిలో ఉందని అర్థం. ఎర్రబడుతున్నాయంటే నీళ్ళలో ఆక్సిజన్ తగ్గింది, అవి హిమోగ్లోబిన్ ఎక్కువ చేసుకుంటున్నాయి. రంగు వెలిసిపోయినా, మొదటి కాన్పు ఆలస్యమైనా, తల్లులే ఎక్కువ చస్తున్నా ఆ జాడీ పిల్లల్ని పరీక్షకు తీసుకోవద్దు. మొదటి కాన్పు పిల్లల్ని ఎలాగూ తీసుకోకూడదు. రెండు నుంచి నాలుగు వారాల వయసు తల్లులైతే మంచిది.

మేత విషయంలో మన ఆడవాళ్ళకు ఒక బలహీనత ఉంది, పాపం ఆకలేస్తుందేమో అని ఇంకాస్త వేస్తాం. రోజుకు ఒక్కో డాఫ్నియాకు 0.1 నుంచి 0.2 మిల్లీగ్రాముల కార్బన్‌కు సరిపడా ఆల్గే చాలు. నీళ్ళు పచ్చగా చిక్కబడేదాకా వేస్తే అది కుళ్ళి, వాటికి ఊపిరాడదు.

నీళ్ళ గురించి నాకు తగిలిన దెబ్బ ఒకటి చెప్పాలి. ఒక వర్షాకాలం సోమవారం పొద్దున తలుపు తీస్తే, శనివారం దాకా గంతులేస్తున్న కల్చర్ మొత్తం అడుగున తెల్లగా పరుచుకుని ఉంది. నీళ్ళ పీహెచ్ చూశాం, గట్టిదనం చూశాం, ఆక్సిజన్ చూశాం, అన్నీ బాగున్నాయి. రెండు రోజులు తలలు పట్టుకున్నాక తెలిసింది. ఆదివారం రాత్రి కాపలా ఉన్న అతను దోమలు ఎక్కువగా ఉన్నాయని పక్క గదిలో మందు కొట్టాడు. ఏసీ గాలితో అది ఇక్కడికి వచ్చింది. దోమల మందుల్లో ఉండే పైరెత్రాయిడ్లు డాఫ్నియాకు లేశమాత్రం చాలు. పాపం ఆ మనిషిని అనడానికేం లేదు, మేమెవ్వరం చెప్పలేదు. ఆ రోజు నుంచి తలుపు మీద తెలుగులో పెద్దగా రాసి అతికించాం: కాయిల్, స్ప్రే, లిక్విడ్ ఏదీ వద్దు. నువ్వు కూడా చేతులకు దోమల క్రీమ్ రాసుకుని ఆ గదిలోకి వెళ్ళకు. కొత్త రబ్బరు ట్యూబులు, కొత్త ప్లాస్టిక్ డబ్బాలు నీళ్ళలో నానబెట్టకుండా వాడకు. మున్సిపల్ నీళ్ళలోని క్లోరిన్ సంగతి నీకు తెలుసు.

ఆదివారం సాయంత్రం నువ్వు ల్యాబ్‌కు వెళ్ళాల్సి వస్తుంది. మీ నాన్నకు నేను చెబుతాను. అయిదు గంటలకు కడుపుతో ఉన్న తల్లుల్ని వేరే జాడీలోకి మార్చు, అప్పటికే పుట్టిన చిన్నవి ఒక్కటి కూడా అందులో మిగలకూడదు. సోమవారం ఆ జాడీలో కనిపించేవన్నీ 24 గంటల లోపువే అని అప్పుడు నమ్మకంగా చెప్పగలవు. వయసు విషయంలో "ఇంచుమించు" అనే మాట పనికిరాదు.

పిల్లల్ని బీకర్లలో వేసేటప్పుడు మూతి వెడల్పుగా ఉన్న గాజు డ్రాపర్ తీసుకో. డ్రాపర్ కొనను నీటి మట్టానికి కిందే ఉంచి వదులు. పైనుంచి చుక్కగా పడేస్తే పెంకు కిందికి గాలి చేరి అవి పైన తేలుతూ ఇరుక్కుంటాయి, తర్వాత మందు వల్ల పైకొచ్చాయో గాలి వల్లో తేల్చలేవు. డ్రాపర్ మందు నీళ్ళకు తగిలితే పక్కన పడేసి కొత్తది తీసుకో. ఇంకొకటి, చురుకుగా లేనివే ముందు దొరుకుతాయి. వరసగా అయిదేసి పట్టి ఒక బీకర్ నింపేసి తర్వాతదానికి వెళితే, నీరసమైనవన్నీ ఒకే చోట చేరతాయి. మొన్న నువ్వు కంట్రోల్‌తో మొదలుపెట్టి అదే నింపేశావా? ఒకసారి గుర్తు తెచ్చుకో. ఒకటి రెండు చొప్పున అన్ని బీకర్లకూ కలగలుపుగా పంచు.

మోతాదులు ముందే పెద్దవాళ్ళు నిర్ణయించారన్నావు, అయినా లెక్క నీకు తెలియాలి. ముందు పదింతల తేడాతో ఓ చిన్న పరీక్ష పెడతారు. అందులో లీటరుకు 1 మిల్లీగ్రాము దగ్గర అన్నీ ఈదుతూ, 10 దగ్గర అన్నీ ఆగిపోయాయనుకో, అసలు పరీక్షకు 1, 1.8, 3.2, 5.6, 10 అని పెట్టుకోవచ్చు. రెండు మోతాదుల మధ్య 2.2 రెట్లకు మించకపోవడం మంచిది. ఒక్కో మోతాదుకు ఇరవై, అయిదేసి చొప్పున నాలుగు బీకర్లు, ఒక్కో ప్రాణికి కనీసం 2 మిల్లీలీటర్ల నీళ్ళు. 18 నుంచి 22 డిగ్రీల మధ్య ఒకచోట నిలిపి, ఒక డిగ్రీ కంటే అటూ ఇటూ పోనివ్వకు. కరెంటు పోతే ఇంక్యుబేటర్ జనరేటర్ మీదికి మారుతుందో లేదో ఈ శుక్రవారమే అడుగు, సోమవారం రాత్రి కాదు.

బీకర్లో ఎంత కలిపామన్నదానికీ, రెండు రోజుల తర్వాత ఎంత మిగిలిందన్నదానికీ తేడా ఉంటుంది. కొన్ని మందులు గోడలకు అంటుకుంటాయి, కొన్ని ఆవిరైపోతాయి, కొన్ని వెలుతురుకు విరిగిపోతాయి. అలాంటివాటిని చీకట్లో పెట్టడానికి పద్ధతే ఒప్పుకుంటుంది. అందుకే మొదట్లో, చివర్లో శాంపిల్ తీసి కొలుస్తాం. అనుకున్నదానికి 20 శాతం లోపల నిలబడకపోతే కొలిచిన అంకెతోనే లెక్క కట్టాలి. నీళ్ళు పాలలా కనిపిస్తే పరీక్ష పెట్టకు, కరగని చుక్కలు ఒంటికి అతుక్కుని చచ్చినవి విషం వల్ల చచ్చినట్టు కాదు. నీకు లోహాల పరీక్ష ఇస్తే, డాఫ్నియాల కోసం లవణాలు కలిపి తయారుచేసే ఎలెండ్ ఎం4, ఎం7 నీళ్ళు వద్దని అడుగు. వాటిలోని ఈడీటీఏ లోహాన్ని పట్టేసుకుని విషాన్ని తక్కువ చేసి చూపిస్తుంది.

ఇప్పుడు కళ్ళ పని. 24 గంటలప్పుడు ఒకసారి, 48 గంటలప్పుడు ఒకసారి చూస్తావు. బీకర్‌ను మెల్లగా కదిపి 15 సెకన్లు లెక్కపెట్టు. ఆ లోపు ఈదకపోతే అది ఆగిపోయినట్టే, మీసాలు ఆడుతున్నా సరే. కొత్తలో ఇక్కడే మనసు లాగుతుంది, "ఇంకా కదులుతోంది కదా, బతికే ఉంది" అనిపిస్తుంది. మనం చావును లెక్కపెట్టడం లేదు, ఈదలేకపోవడాన్ని లెక్కపెడుతున్నాం. వాగులో ఈదలేని డాఫ్నియా ఎంతసేపు మిగులుతుంది? ఇంకో మాట, ఏ బీకర్లో ఏముందో తెలియకుండా లెక్కపెట్టడం అలవాటు చేసుకో. పక్కన ఒకరిని రాయమను, నువ్వు సంఖ్య మాత్రం చెప్పు. చిత్తు కాగితం మీద రాసుకుని తర్వాత ఎక్కించడం వద్దు. తప్పు రాస్తే ఒక్క గీత కొట్టి, పక్కన తేదీ వేసి సంతకం చెయ్యి.

మీ కల్చర్ సరిగా ఉందో లేదో తేల్చే పొటాషియం డైక్రోమేట్ పరీక్ష చివరిసారి ఎప్పుడు పెట్టారో కనుక్కో. 24 గంటల ఈసీ50, అంటే సగం డాఫ్నియాల్ని ఈదకుండా ఆపేసే మోతాదు, లీటరుకు 0.6 నుంచి 2.1 మిల్లీగ్రాముల మధ్య రావాలి. ఆరు నెలలు దాటి ఉంటే అదే ముందు చేద్దామని మర్యాదగా చెప్పు. గ్లౌజులు మాత్రం మర్చిపోకు, అది క్యాన్సర్ తెచ్చే పదార్థం.

ఇంత చాదస్తం ఎందుకంటావేమో. నువ్వు తేల్చే ఈసీ50 లీటరుకు 1 మిల్లీగ్రాము, అంతకంటే తక్కువ వస్తే ఆ రసాయనం డ్రమ్ము మీద చచ్చిన చేప, ఎండిన చెట్టు బొమ్మ పడుతుంది. యూరప్‌లో ఏడాదికి 1 టన్ను దాటి తయారు చేసే, దిగుమతి చేసే రసాయనానికి ఈ పరీక్ష అడుగుతారు, చేప పరీక్ష 10 టన్నుల దగ్గర. అంటే చాలా రసాయనాల విషయంలో, నీళ్ళలో బతికే జంతువుల తరఫున మాట్లాడేది ఈ చిన్న ప్రాణి ఒక్కటే. 2011 నుంచి మన దేశంలో జీఎల్‌పీ అనే ల్యాబ్ నాణ్యతా నియమాలు పాటించే ల్యాబుల ఫలితాలను, ఇలాంటి పరీక్షా పద్ధతులు రాసే ఓఈసీడీ అనే కూటమి దేశాలు ఒప్పుకుంటున్నాయి, మీ బీకర్ మీద అంతమంది నమ్మకం ఉంది.

అయితే డాఫ్నియా బాగుందంటే నీళ్ళు బాగున్నాయని ఎక్కడా రాయకు. ఇమిడాక్లోప్రిడ్ అనే పురుగుమందుకు, డాఫ్నియాల్లో ఒక రకమైన డాఫ్నియా మాగ్నా ఈసీ50 లీటరుకు 85 మిల్లీగ్రాములు. అదే మందు నీళ్ళలో పెరిగే కైరోనోమస్ (దోమలా ఉండే కుట్టని పురుగు) పిల్లల్ని, మేఫ్లై అనే పురుగు పిల్లల్ని మైక్రోగ్రాముల్లోనే పడగొడుతుంది. అందుకే 2011లో కైరోనోమస్‌కు వేరే పరీక్ష, ఓఈసీడీ 235, వచ్చింది. మీ ల్యాబ్‌లో అది చేసేవాళ్ళుంటే పక్కన నిలబడి నేర్చుకో.

సోమవారం పెట్టి, మంగళవారం ఒకసారి, బుధవారం ఒకసారి చూస్తావు కదా. బుధవారం చూశాక ఫోన్ చెయ్యి. మందు బీకర్ల సంగతి తర్వాత, కంట్రోల్‌లో ఎన్ని ఆగాయో ముందు చెప్పు.

నీ మేనత్త